గర్భంతో ఉన్నప్పుడు షుగరు: ముప్పును పసిగట్టడం, సమయానికి కదలడం

రాత్రి రెండు గంటలు దాటింది. టైప్ 1 మధుమేహం ఉన్న ఏడో నెల గర్భిణి సాయంత్రం నుంచి నాలుగుసార్లు వాంతి చేసుకుంది. గ్లూకోమీటరులో 190 కనిపిస్తోంది. మూడు వందలు దాటలేదు కదా, తెల్లవారాక చూద్దామని ఇంట్లో ఒకరంటారు. ఏమీ తినలేదు కాబట్టి ఈ పూటకు ఇన్సులిన్ మానేస్తే మంచిదని ఇంకొకరంటారు. ఇద్దరూ ఆమె మేలు కోరే అంటున్నారు, కానీ ఇద్దరి మాటా ప్రాణం మీదికి తెచ్చేదే. మామూలుగా షుగరు బాగా పెరిగాక గాని రాని, రక్తంలో ఆమ్లం పేరుకుపోయే కీటోయాసిడోసిస్ అనే ఆపద గర్భిణిలో 200 లోపు షుగరుతోనే రావచ్చు, అదీ కొద్ది గంటల్లోనే.

మధుమేహంతో గర్భం మోస్తున్నవారికి అందరూ చెప్పేది అంకెలు అదుపులో పెట్టుకోమని. అది నిజమే, కానీ సగం నిజం. ఈ కాలంలో వచ్చే పెద్ద ఆపదల్లో చాలావరకు మీటరులో కన్నా ముందు వాంతిగానో, తలనొప్పిగానో, బిడ్డ కదలిక తగ్గడంగానో కనిపిస్తాయి. ఆ గుర్తులేమిటి, కనిపించిన వెంటనే ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది ఇక్కడ చెబుతున్నాను. మందుల మోతాదులు మాత్రం మీ వైద్యులు మీ శరీరాన్ని చూసి నిర్ణయించవలసినవే.

మీ మధుమేహం ఏ రకం

గర్భానికి ముందు నుంచే టైప్ 1 లేదా టైప్ 2 మధుమేహం ఉండటం వేరు, గర్భం వచ్చాక బయటపడటం వేరు. ముందు నుంచే ఉన్నవారిలో ముప్పు తొలి వారాల నుంచే ఉంటుంది, ఎందుకంటే బిడ్డ గుండె, వెన్నుపాము, మెదడు రూపు దిద్దుకునేది మొదటి ఎనిమిది వారాల్లోనే. ఆ సమయంలో షుగరు ఎక్కువగా ఉంటే గర్భస్రావం, అవయవ లోపాలు పెరుగుతాయి. గర్భం వచ్చాక బయటపడే రకాన్ని సాధారణంగా 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజు తాగించి చేసే పరీక్షతో పట్టుకుంటారు. అప్పటికి అవయవాలు ఏర్పడి ఉంటాయి కాబట్టి అందులో ప్రధానమైన చిక్కులు బిడ్డ మరీ పెద్దదవడం, బీపీ పెరగడం, కాన్పు కష్టమవడం. గర్భంలో బయటపడే ఈ రకంలో కీటోయాసిడోసిస్ అరుదే గాని అసలు రాదని అనుకోకూడదు.

"బోర్డరులో ఉంది, పరవాలేదు" అనే మాట ఈ విషయంలో నాకు అసలు నచ్చదు. తొమ్మిది దేశాల్లో సుమారు 25,000 మంది గర్భిణులను పరిశీలించి 2008లో ఫలితాలు వెలువరించిన హాపో అధ్యయనం ఒక సంగతి తేల్చింది: తల్లి షుగరు పెరిగే కొద్దీ బిడ్డ బరువు, సిజేరియన్ అవకాశం మెట్టు మెట్టుగా పెరుగుతాయి. ఇక్కడి వరకు క్షేమం, ఇక్కడి నుంచి ప్రమాదం అనే గీత ఎక్కడా కనబడలేదు.

గర్భానికి ముందే చేయవలసినవి

టైప్ 1, టైప్ 2 ఉన్నవారికి అతి ముఖ్యమైన దశ గర్భం రాకముందే ఉంటుంది, దురదృష్టవశాత్తు ఎక్కువమంది దాటవేసేదీ దీన్నే. మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపుకు వచ్చాక గర్భం దాల్చడం మేలు. 10 శాతం పైన ఉంటే అది తగ్గేవరకు గర్భనిరోధక పద్ధతి పాటించమని వైద్యులు గట్టిగానే చెబుతారు. ఫోలిక్ యాసిడ్‌ను గర్భానికి ముందు నుంచే మొదలుపెట్టాలి; మధుమేహం ఉన్నవారికి చాలాచోట్ల మామూలు మోతాదు కన్నా ఎక్కువగా, రోజుకు 5 మిల్లీగ్రాములు రాస్తారు.

వాడుతున్న మందులన్నిటినీ ఒక సంచిలో వేసుకుని వైద్యుల ముందు పెట్టండి. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి, అలాగే లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మందులు గర్భంలో బిడ్డ కిడ్నీలకు హాని చేస్తాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లనూ సాధారణంగా ఆపిస్తారు. మూత్రం ద్వారా షుగరును బయటకు పంపే డాపాగ్లిఫ్లోజిన్ తరహా మాత్రలు గర్భంలో వాడేవి కావు. షుగరు పెద్దగా పెరగకుండానే కీటోయాసిడోసిస్ తెచ్చే గుణం వాటికి ఉంది. అనుకోకుండా గర్భం వచ్చినట్టు తెలిస్తే ఈ మందుల సంగతి వచ్చే అపాయింట్‌మెంటు వరకు ఆపకుండా ఆ రోజే ఫోన్ చేసి అడగాలి. ఇన్సులిన్‌ను మాత్రం భయపడి మీ అంతట మీరు ఆపకండి. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయను దాటి బిడ్డకు చేరుతుంది గాని ఇన్సులిన్ చెప్పుకోదగ్గంతగా దాటదు.

మీటరును నమ్మేలా వాడటం

వైద్యులు సాధారణంగా పెట్టే లక్ష్యాలు ఇవి: పరగడుపున 95 లోపు, భోజనం మొదలుపెట్టిన గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు. తరచుగా షుగరు పడిపోయేవారికి ఈ అంకెలను కొంత సడలిస్తారు.

వేలికి పండ్లరసపు తడి కొంచెం అంటి ఉన్నా మీటరు లేని షుగరును చూపిస్తుంది, ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. అందుకని ముందు చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోండి. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. వేలిని బలంగా పిండకుండా చేతిని కిందికి వేలాడదీస్తే రక్తం చుక్క దానంతట అదే వస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత ప్రతిసారీ వెంటనే బిగించాలి, తేమ తగిలిన స్ట్రిప్పు తప్పు చెబుతుంది. ఒంటికి అంటించుకునే సెన్సరు ఉన్నా, అది చెప్పేదానికీ మీకు ఒంట్లో తెలిసేదానికీ పొంతన లేనప్పుడు వేలు గుచ్చి చూడవలసిందే.

కీటోయాసిడోసిస్: వేవిళ్ళు అనుకుని మోసపోయే చోటు

ఇన్సులిన్ చాలనప్పుడు శరీరం గ్లూకోజును వాడుకోలేక కొవ్వును కరిగించి ఇంధనంగా మార్చుకుంటుంది. ఆ క్రమంలో పుట్టే కీటోన్లు ఆమ్ల గుణం కలవి. గర్భిణిలో ఇది త్వరగా జరగడానికి కారణాలున్నాయి. బిడ్డ, మాయ కలిసి తల్లి గ్లూకోజును నిరంతరం లాక్కుంటూ ఉంటాయి కాబట్టి ఒక పూట తిండి లేకపోయినా కొవ్వు కరగడం మొదలవుతుంది. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌కు ఎదురు పనిచేస్తాయి. పైగా గర్భంలో శ్వాస లోతు పెరగడం వల్ల రక్తంలో ఆమ్లాన్ని తట్టుకునే బైకార్బొనేట్ నిల్వ ముందే తగ్గి ఉంటుంది. ఈ మూడూ కలిసినప్పుడు మీటరులో 190 ఉన్నా లోపల పరిస్థితి విషమించి ఉండవచ్చు.

దీన్ని తెచ్చిపెట్టేవి ఎక్కువగా వాంతులు, జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, వేయడం మరిచిన ఇన్సులిన్, ఎండలో పాడైన ఇన్సులిన్, ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ పంపు గొట్టం మడత పడటం వంటివి. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా కొన్ని రోజులపాటు షుగరును బాగా పెంచుతాయి. అవి బిడ్డకు మేలు చేసేవే కాబట్టి వద్దనకూడదు గాని, ఆ రోజుల్లో ఇన్సులిన్ ఎలా పెంచాలో అక్కడే అడిగి తెలుసుకోవాలి.

లక్షణాలు చూస్తే వికారం, వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన దాహం, నీరసం, ఊపిరి లోతుగా వేగంగా రావడం, నోటి నుంచి మగ్గిన పండు వాసన, చివరికి మగత. మొదటి మూడూ గర్భిణుల్లో మామూలుగా ఉండేవే కావడంతో వేవిళ్ళనో, అజీర్తి అనో సరిపెట్టుకుంటారు. ఈ గందరగోళానికి నాకు తెలిసి ఒక్కటే విరుగుడు: ఇన్సులిన్ వాడే గర్భిణికి వాంతులైనా, జ్వరం వచ్చినా, షుగరు 200 దాటినా, కారణం తెలియకుండా ఒంట్లో బాగాలేకపోయినా కీటోన్లు చూడాలి. షుగరు మామూలుగా ఉందన్నది చూడకపోవడానికి కారణం కాదు.

కీటోన్లను వేలి రక్తంతో చూసే మీటరు మంచిది, టైప్ 1 ఉన్న గర్భిణి ఇంట్లో అది తప్పక ఉండాలి. మూత్రపు స్ట్రిప్పు చూపించేది కొన్ని గంటల కిందటి స్థితిని. రక్తంలో 0.6 లోపు ఉంటే మామూలే. 0.6 దాటితే వెంటనే మీ వైద్య బృందానికి ఫోన్ చేసి, వారు చెప్పినట్టు ఇన్సులిన్, ద్రవాలు తీసుకుంటూ రెండు గంటలకోసారి మళ్ళీ చూసుకోవాలి. 1.5 దాటితే, లేదా అంకె ఎంతైనా వాంతులు ఆగకుండా నీళ్ళు కూడా నిలవకపోతే, ఫోన్లతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి బయలుదేరాలి. 3 దాటడం ప్రాణాపాయ స్థితి. మూత్రపు స్ట్రిప్పు తప్ప మరేదీ లేనప్పుడు అది రెండు ప్లస్సులు చూపితే ఆసుపత్రే.

తిండి లోపలికి వెళ్ళకపోయినా నెమ్మదిగా రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను పూర్తిగా ఆపకూడదు. మోతాదు తగ్గించాలో పెంచాలో వైద్యులను అడగవచ్చు గాని, సున్నా చేయడం కీటోన్లకు తలుపు తీయడమే. పంపు వాడేవారు షుగరు, కీటోన్లు రెండూ పెరిగితే పంపును నమ్మకుండా కొత్త ఇన్సులిన్‌తో సిరంజీ లేదా పెన్ను వాడి, ఆ తరువాత గొట్టం మార్చాలి.

ఆసుపత్రిలోకి అడుగుపెట్టగానే చెప్పవలసిన వాక్యం ఇది: "నాకు మధుమేహం ఉంది, ఇన్ని వారాల గర్భిణిని, ఇన్సులిన్ వాడుతున్నాను, వాంతులవుతున్నాయి, కీటోన్లు ఇంత ఉన్నాయి." షుగరు మరీ ఎక్కువ లేదన్న కారణంతో వాంతుల ఇంజెక్షన్ ఇచ్చి పంపబోతే రక్తంలో కీటోన్లు, ఆమ్లత్వం పరీక్షించమని అడగండి. చికిత్స నరంలోకి సెలైన్, ఇన్సులిన్, పొటాషియం. ఈ సమయంలో బిడ్డ గుండె కొట్టుకోవడంలో తేడా కనిపించి కుటుంబం కంగారుపడటం సహజం, కాని తల్లి రక్తం కుదుటపడితే చాలాసార్లు బిడ్డ స్థితీ కుదుటపడుతుంది. అందుకే వైద్యులు వెంటనే ఆపరేషన్‌కు పరుగెత్తకుండా ముందు తల్లిని నిలబెడతారు; అది నిర్లక్ష్యం కాదు.

షుగరు పడిపోయినప్పుడు

ఇది ముఖ్యంగా టైప్ 1 ఉన్నవారికి మొదటి మూడు, నాలుగు నెలల్లో ఎదురయ్యే సమస్య. ఆ నెలల్లో ఇన్సులిన్ అవసరం కొంత తగ్గుతుంది, వేవిళ్ళతో తిండి నిలవదు, పైగా వణుకు, చెమట వంటి హెచ్చరికలు మునుపటంత స్పష్టంగా తెలియవు. షుగరు 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు, అంటే మూడు నాలుగు చెంచాల గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి లేదా ఒక చిన్న గ్లాసు పండ్లరసం తీసుకుని, 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడాలి. పెరగకపోతే అంతే మళ్ళీ తీసుకోవాలి. చాక్లెట్లు దీనికి పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెర రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. షుగరు కోలుకున్నాక ఏదైనా తినాలి.

తెలివి తప్పితే నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరి గొట్టంలోకి వెళ్తుంది. మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, షుగరును పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ తొడలో ఇచ్చి, అంబులెన్సుకు ఫోన్ చేయాలి. గర్భిణికి గ్లూకగాన్ ఇవ్వవచ్చు. పొడి, ద్రవం విడివిడిగా ఉండే రకమైతే ద్రవాన్ని పొడి ఉన్న సీసాలోకి ఎక్కించి, గట్టిగా ఊపకుండా మెల్లగా తిప్పి, తేటపడ్డాక సిరంజీలోకి లాగాలి. వినడానికి తేలికే గాని నిద్రలో లేచి వణికే చేతులతో చేయవలసిన పని ఇది, కాబట్టి మీతో ఉండేవారు నర్సు దగ్గర ఒకసారి చేసి చూపించుకోవడం అవసరం. మెలకువ వచ్చేటప్పుడు వాంతి కావచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నది అందుకూ పనికొస్తుంది. బిడ్డకు ఏమైందోనన్న దిగులు తల్లిని చాలా కాలం పీడిస్తుంది గాని, కొద్దిసేపు షుగరు పడిపోవడాన్ని బిడ్డ సాధారణంగా తట్టుకుంటుంది. అసలు ప్రమాదం తల్లి పడిపోవడం, ఫిట్స్ రావడం, వాహనం నడుపుతూ ఉండటం.

బీపీ, గుర్రపువాతం

మధుమేహం ఉన్నవారిలో ప్రీఎక్లాంప్సియా అవకాశం ఎక్కువ, కిడ్నీ దెబ్బతిని ఉంటే మరీ ఎక్కువ. 20 వారాల తరువాత బీపీ 140/90 లేదా అంతకన్నా పెరిగి, దానితో మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కాలేయం, కిడ్నీ, ప్లేట్‌లెట్లు దెబ్బతినడమో దీని స్వరూపం. ఫిట్స్ వచ్చే దశకు చేరితే పెద్దవాళ్ళు గుర్రపువాతం అంటారు. తగ్గని తలనొప్పి, కళ్ళముందు మెరుపులు లేదా మసక, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే చూపించుకోవాలి. బీపీ 160/110కి చేరితే లక్షణాలు లేకపోయినా అత్యవసరమే. ఇంట్లో చూసుకునేటప్పుడు అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చేతిని గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడకుండా కొలవండి. గర్భానికి ముందు నుంచే మధుమేహం ఉన్నవారికి 12 వారాల తరువాత తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇవ్వడం దీన్ని నివారించడానికే. మీకు రాయకపోతే మొదటి మూడు నెలల్లోనే అడగండి, ఆలస్యంగా మొదలుపెడితే ప్రయోజనం తగ్గుతుంది. కాన్పు తరువాత ఆరు వారాల వరకు కూడా ఈ లక్షణాలను తేలిగ్గా తీసుకోకూడదు.

బిడ్డ కదలిక, తగ్గిపోయే ఇన్సులిన్

తల్లి నుంచి వచ్చిన అదనపు గ్లూకోజుకు బిడ్డ క్లోమం తన సొంత ఇన్సులిన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, ఆ ఇన్సులిన్ కొవ్వును పెంచుతుంది, బిడ్డ భుజాలు, పొట్ట దగ్గర బొద్దుగా తయారవుతుంది. కాన్పులో తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కునే అవకాశం దీని వల్ల పెరుగుతుంది. ఉమ్మనీరు ఎక్కువవడం, నెలలు నిండకముందే నొప్పులు రావడం కూడా దీనితో పాటే కనిపిస్తాయి. స్కానులో బిడ్డ పొట్ట చుట్టుకొలత, ఉమ్మనీరు ఎంతున్నాయో అడిగి రాసుకోండి.

గర్భంలోనే బిడ్డ చనిపోవడం అరుదైనదే అయినా మధుమేహం ఉన్నవారిలో ఇతరులకన్నా ఎక్కువ. 28 వారాలకల్లా మీ బిడ్డ ఏ వేళల్లో ఎలా కదులుతుందో మీకు ఒక అలవాటు ఏర్పడుతుంది. అందరికీ ఒకే లెక్క పనిచేయదు. మీ బిడ్డ మామూలు తీరు నుంచి తగ్గడమే హెచ్చరిక. నెలలు నిండే కొద్దీ చోటు చాలక కదలిక తగ్గుతుందన్నది తప్పు అభిప్రాయం. అనుమానం వస్తే ఎడమవైపు పడుకుని గమనించండి, అప్పటికీ తేడా ఉంటే ఎంత రాత్రయినా ఆసుపత్రికి వెళ్ళండి. గుండె చప్పుడు వినిపించే యంత్రాలు ఇంట్లో పెట్టుకుని ధైర్యం చెప్పుకోవడం మంచిది కాదు. తల్లి నాడి చప్పుడును బిడ్డదిగా పొరబడే వీలుంది.

ఇక చాలామంది శుభవార్తగా భావించే ఒక ప్రమాద సూచన ఉంది. గర్భం మధ్య నెలల నుంచి ఇన్సులిన్ అవసరం పెరుగుతూ పోవడం సహజం, చివరికి మొదటి మోతాదుకు రెట్టింపు కావడమూ ఉంది. చివరి నెలల్లో అది ఒక్కసారిగా పడిపోయి, అదే మోతాదుకు షుగరు మాటిమాటికీ తగ్గుతుంటే మధుమేహం నయమవుతోందని సంతోషించకండి. ఇన్సులిన్‌కు ఎదురు పనిచేసే హార్మోన్లు మాయ నుంచి వస్తాయి; మాయ సరిగా పనిచేయకపోవడం వల్లనూ ఇలా జరగవచ్చు. తొమ్మిదో నెలలో కొద్దిగా తగ్గడం సాధారణమే గాని, అది ఏ రకమో తేల్చవలసింది స్కాను, బిడ్డ గుండె పరీక్ష. ఆ రోజే ఫోన్ చేయండి.

కళ్ళు, కిడ్నీలు

ముందు నుంచే మధుమేహం ఉన్నవారికి కంటి రెటీనా జబ్బు గర్భంలో ముదరవచ్చు. ఎక్కువ షుగరును చాలా వేగంగా తగ్గించినప్పుడు కూడా అది తాత్కాలికంగా పెరుగుతుంది. గర్భానికి ముందు లేదా తొలి మూడు నెలల్లో రెటీనా చూపించుకుని, తరువాత వైద్యులు చెప్పిన వ్యవధిలో మళ్ళీ చూపించుకోవాలి. కనుపాప పెద్దదయ్యేలా చుక్కలు వేసి చేసే పరీక్షకు గర్భం అడ్డు కాదు. కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు మొదట్లోనే చేయించాలి.

కాన్పు, ఆ తరువాతి గంటలు

ఎప్పుడు కాన్పు చేయాలన్నది షుగరు అదుపు, బిడ్డ ఎదుగుదల, బీపీ చూసి నిర్ణయిస్తారు. ముందు నుంచే మధుమేహం ఉన్నవారికి చాలాసార్లు 37 నుంచి 39 వారాల మధ్య తేదీ పెడతారు. నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ ఉన్న చోట కాన్పు జరగడం మేలు. సంచిలో మీటరు, స్ట్రిప్పులు, ఇన్సులిన్, గ్లూకోజుతో పాటు ఒక కాగితం పెట్టుకోండి: ఏ రకం మధుమేహం, ప్రస్తుత మోతాదులు, గర్భానికి ముందు వాడిన మోతాదులు, రక్తపు గ్రూపు. గర్భానికి ముందు మోతాదు ఎందుకంటే, మాయ బయటికి రాగానే ఇన్సులిన్ అవసరం కొద్ది గంటల్లోనే దాదాపు అక్కడికి, కొందరిలో అంతకన్నా కిందికి పడిపోతుంది. పాత అలవాటు కొద్దీ గర్భంలోని మోతాదే వేస్తే ప్రసవించిన రాత్రే తల్లి షుగరు పడిపోతుంది.

బిడ్డకూ అదే ఆపద ఇంకో దారిలో వస్తుంది. బొడ్డుతాడు కోయగానే తల్లి గ్లూకోజు ఆగిపోతుంది, బిడ్డలో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంటుంది. అరగంటలోపు ముర్రుపాలు పట్టించడం, ఆ తరువాత రెండు మూడు గంటలకోసారి పాలివ్వడం, మొదటి రోజు మడమ గుచ్చి షుగరు చూడటం ఇందుకే. బిడ్డ వణకడం, చేతులు కాళ్ళు తోటకూర కాడలా వాలిపోవడం, పాలు పట్టకపోవడం, పెదాలు నీలిబారడం, ఊపిరి పీల్చేటప్పుడు మూలగడం కనిపిస్తే వెంటనే సిబ్బందిని పిలవాలి. కామెర్లు కూడా ఈ పిల్లల్లో ఎక్కువ, కాబట్టి మొదటి వారంలో పసుపు రంగును పగటి వెలుగులో గమనించండి.

పాలిచ్చే టైప్ 1 తల్లులకు రాత్రివేళ షుగరు తగ్గడం తరచూ జరుగుతుంది. పాలిచ్చే చోట చేతికందేలా గ్లూకోజు పెట్టుకోవాలి. గర్భంలో మాత్రమే మధుమేహం వచ్చినవారు కాన్పయిన 4 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలి, తరువాత ఒకటి నుంచి మూడేళ్ళకోసారి షుగరు చూపించుకుంటూ ఉండాలి. పసిబిడ్డ పనుల్లో పడి చాలామంది మరిచిపోయే పరీక్ష ఇదే. బిడ్డకు ఆ నెలలో టీకా వేయించే తేదీ పక్కనే దీన్ని కూడా రాసి పెట్టుకుంటే ఒకే ప్రయాణంలో రెండూ అయిపోతాయి. మళ్ళీ గర్భం అనుకున్నప్పుడు ఈ పరీక్షను మరోసారి ముందుగానే చేయించుకోండి, ఎందుకంటే ఈ మధ్యకాలంలో తెలియకుండా టైప్ 2 మొదలై ఉంటే తొలి ఎనిమిది వారాల ముప్పు ఈసారి మీకూ వర్తిస్తుంది.